చేప నోట్లో యోనా

మైపాడులో కెజియా కుట్టుమిషను పైన, గోడకు ఒక అద్దం పటం ఉండేది. అందులో అరచేయంత తోలుకాగితం. రెండు నిలువు వరసల్లో చీమలబారు లాంటి లాటిన్ అక్షరాలు. ఒక మూల నీలం, ఎరుపు, బంగారు పూతతో పెద్ద అక్షరం. ఆ అక్షరం కడుపులో ఒక చేప, చేప నోట్లో నడుము దాకా ఒక మనిషి. ఊరు విడిచి పోతూ ఒక దొరసాని, తన దగ్గర ఆయాగా చేసిన కెజియా అమ్మమ్మకు దాన్ని ఇచ్చి వెళ్లింది. జేబులో పట్టే బైబిలును ఎవరో విప్పి ఆకు ఆకుగా పంచేశారనీ, ఇది ఏడెనిమిది వందల ఏళ్ల నాటిదనీ పాస్టరు టైటస్ గారు చెప్పారు.

జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చే పోలేరమ్మకు ఆ బొమ్మంటే ఇష్టం.

"ఎవురక్కా ఈయన?" అని ఒకసారి అడిగింది.

కెజియా యోనా కథ చెప్పింది. పెద్ద చేప మింగినా, మూడు దినాలు దాని కడుపులో ఉండి ప్రాణాలతో బయటపడ్డాడని.

ఆ ఏడు వాయుగుండం గాలికి పోలేరమ్మ మొగుడు చిన్నపోలయ్య పడవ సముద్రంలో తిరగబడింది. తోటివాళ్లిద్దరూ ఈదుకొచ్చారు. అతను రాలేదు.

తెల్లారి పోలేరమ్మ తడిచీరతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అక్కా, ఆ పటం ఇయ్యి. ఒడ్డున పెట్టుకోని కూచుంటా. మూడు దినాలన్నావు గదా."

అది వేరే సంగతి పోలేరమ్మా, అనబోయి ఆగిపోయింది కెజియా. ఆదివారం పిల్లలకు ఆ కథ చెప్పేది తనే. మీ ఆయనా వస్తాడని చెప్పడానికీ నోరు రాలేదు. పటం దించి ఇచ్చింది.

పోలేరమ్మ దాన్ని అలలకు ఎదురుగా ఇసుకలో నిలబెట్టి, అద్దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. ఎవరు అన్నం తెచ్చినా ముట్టలేదు. సాయంత్రాలు కెజియా వెళ్లి పక్కన కూర్చునేది.

"నువ్వు అడగక్కా. మీ దేవుడికి నేనెవురో తెలీదు."

కెజియా కళ్లు మూసుకునేది గాని, ప్రార్థనకు ఒక్క మాటా కుదిరేది కాదు.

మూడోనాడు పొద్దున వల లాగేవాళ్లు కేకలేశారు. సముద్రం చిన్నపోలయ్యను ఒడ్డుకు తోసింది. ముఖం చేపలు కొరికేశాయి. చేతి మీద పచ్చబొట్టు చూసి పోలేరమ్మ గుర్తుపట్టింది.

ఆమె ఏడవలేదు. పటం తీసుకొచ్చి, కేకలు విని వచ్చి ఇసుకలో కూర్చున్న కెజియా ముందు పెట్టింది.

"సరిగ్గా చూసి చెప్పక్కా. ఈయన బయటికి వస్తా ఉండాడా, లోపలికి పోతా ఉండాడా?"

కెజియా కొంగుతో పసుపు తుడిచి చూసింది. చుక్కలంత కళ్లు, పైకి చాచిన చేతులు. పుట్టినప్పటినుంచీ చూస్తున్న బొమ్మ అది.

"తెలీదు పోలేరమ్మా" అంది.

పోలేరమ్మ తల ఊపి శవం వైపు నడిచింది. పటాన్ని ఇసుకలోనే వదిలేసి, కెజియా లేచి, స్నానం చేయించే ఆడవాళ్లతో కలిసి బిందె అందుకుంది.