రేపల్లెకు చేరని కబురు

తెనాలి ఆసుపత్రి కంప్యూటర్లో ఏది ఎక్కించినా దాని నకలు బాపట్ల, రేపల్లె శాఖలకు చేరాలి. అక్కడి కంప్యూటర్లు కొత్తదేమైనా ఉందా అని తెనాలిని అడుగుతూ ఉంటాయి. క్షణక్షణం అడిగితే కబురు వెంటనే అందుతుంది గాని, అడగడంలోనే వాటి సత్తువంతా అయిపోయి టోకెన్ల తెరలు బిగుసుకుపోతాయి. జ్వరాల రోజులు. రద్దీ చూసి, తెనాలిలో ఈ కంప్యూటర్లను నడిపే అపర్ణ పొద్దున్నే అడగడానికీ అడగడానికీ మధ్య ఎడం బాగా పెంచింది. తెరలు తేరుకున్నాయి, వరసలు కదిలాయి.

ఆ తరువాత అదే ఆసుపత్రి పై అంతస్తులో చికిత్సలో ఉన్న ఆమె తండ్రి వేంకటసుబ్రహ్మణ్యం గారు పోయారు. ఆ మాట కంప్యూటర్లో ఆయన పేరు ఎదుట తనే ఎక్కించింది. రేపల్లెలో ఉన్న తల్లికి ఎలా చెప్పాలో తెలియక కూర్చుండిపోయింది. కబురు విన్నప్పటి నుంచే మైల అని పౌరోహిత్యం చేసిన తండ్రి ఎందరికో చెప్పేవారు. వినేదాకా ఆ ఇంట్లో ఏమీ జరగనట్టే.

రేపల్లె శాఖ నుంచి జీవన్ కుమార్ ఫోన్ చేశాడు.

"మేడమ్, మీ నాన్నగారు ఇక్కడికొచ్చేశారేంటండి? బీపీ చూపించుకోడానికి అమ్మగారొస్తే, ఆవిడ పక్కనే కూర్చున్నారు."

వెనక ఎవరో దగ్గారు. ఆ దగ్గు అపర్ణకు తెలుసు.

తల్లి భ్రమరాంబ ఫోన్ తీసుకుంది. "మీ నాన్న ఆకలంటున్నారే. ఇడ్లీ పెట్టించనా?"

"పెట్టించమ్మా."

మళ్ళీ జీవన్ కుమార్ గొంతు. తెనాలి నుంచి వచ్చిన గర్భిణికి ఇంజెక్షన్ ఇవ్వబోతున్నారట, వివరాలేవీ రాలేదట. అపర్ణ తెర చూసింది. ఆ మందు ఆమెకు పడదని తెనాలిలో రాసి ఉంది. ఇవ్వొద్దని గట్టిగా చెప్పింది. ఒక్కరి సంగతి నోటితో చెప్పగలదు. కాని ఎవరికి ఏ మందు పడదో, ఎవరిది ఏ రక్తమో, అన్నీ తండ్రి చావు వెనకే వరసలో ఆగి ఉన్నాయి. ముందున్నది దిగకుండా వెనకది దిగదు.

అపర్ణ రేపల్లె ఎడం తగ్గించింది. అక్కడి కంప్యూటర్ వెంటనే అడిగింది. తెనాలి చెప్పింది.

దగ్గు ఆగిపోయింది.

"అమ్మగారొక్కరే ఉన్నారండి," అన్నాడు జీవన్ కుమార్ మెల్లగా. "ఇడ్లీ తుంచి పక్కకి చాపి, అలాగే చూస్తున్నారు."

బాపట్ల ఇంకా అడగలేదు. అదీ తగ్గించాలని అపర్ణ చెయ్యి చాపేలోగా ఆ శాఖ నుంచే ఫోన్ వచ్చింది. ఎత్తింది.

"అమ్మాయ్, మీ అమ్మేదే?" అన్నారు తండ్రి. "ఇప్పటిదాకా నా పక్కనే ఉంది గదా."