తెర చాటు గొంతు

కళావతి చదివే బడిలో వక్తృత్వ పోటీ సంగతి వానాకాలం మొదట్లోనే చెప్పారు. పోటీ మాత్రం చలికాలంలో, సైదాబాద్‌లో. ఒక్కో బడి నుంచి ఒక్కరే వెళ్లాలి. విషయం ‘మన నగరం’. పదో తరగతిలో పేరిచ్చింది కళావతి ఒక్కతే. చలికాలం దాకా ఎవరాగుతారని తక్కినవాళ్లు నవ్వి ఊరుకున్నారు.

ఆమె ఆ సాయంత్రమే మొదలుపెట్టింది. తండ్రి ఇశ్రాయేలు బస్సుల వర్క్‌షాపులో ఫిట్టరు. శాలిబండలో వాళ్లుండే గల్లీ మొత్తానికి ఒకటే నల్లా. అక్కడ ఆడవాళ్లు బిందెల కోసం ఎట్లా కొట్లాడుకుంటారో, ఉర్దూలో తిట్టుకుని తెలుగులో ఎట్లా కలిసిపోతారో, అదే ఆమె రాసుకుంది. బిందె వరసలో పెట్టి, గొంతెత్తి వాళ్లకే వినిపించేది. వాళ్లు మొదట నవ్వారు, తర్వాత తప్పులు దిద్దారు. గొంతు పోతుందని తల్లి మాణిక్యమ్మ మిరియాల పాలు కాచి ఇచ్చేది. దసరా సెలవులు అయ్యేసరికి కాగితం అవసరం లేకుండా పోయింది. జనం నవ్వేచోట ఆగడం, ఊపిరి దాచుకోవడం కూడా వచ్చేశాయి.

తెలుగు టీచర్ లీలమ్మ విని మెచ్చుకుంది. కొన్ని మాటలు పుస్తకాల భాషలోకి మార్చి, అట్లాగే చెప్పమంది. ఇష్టం లేకపోయినా కళావతి అదీ నేర్చుకుంది.

పోటీ ఇంకో వారం ఉందనగా లీలమ్మ ఆమెను స్టాఫ్ రూముకు పిలిచింది. అక్కడ విమల తల వంచుకుని నిలబడి ఉంది. విమల అదే తరగతి. వాళ్ల నాన్న వైకుంఠం టోకు కిరాణా వ్యాపారి, బడికి మైకు సెట్టు కొనిచ్చిన మనిషి.

“నీ ప్రసంగం బాగుంది కళావతీ. నీ యాసే పోలేదు. పెద్దల ముందు బడి పరువు పోతుంది. విమల చెబుతుంది. మరిచిపోతే నువ్వు తెర చాటు నుంచి అందించు.”

కళావతి చెవులు వేడెక్కాయి. ఛత్రినాక అంగట్లో వంకాయలు బేరమాడేటప్పుడు ఈ టీచర్ నోట ఏ భాష వస్తుందో ఆమె చాలాసార్లు విన్నది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది. పళ్లు బిగించి బయటికి నడిచింది.

ఇంట్లో చెబితే ఇశ్రాయేలు చేతుల గ్రీజు తుడుచుకుంటూ విన్నాడు. పరీక్షలు ముందున్నాయని, బడితో లొల్లి పెట్టుకోవద్దని అన్నాడు.

“పెద్దోళ్లతోని మనకెందుకు బిడ్డా. పోయి అందిచ్చి రా.”

“నువ్వన్న అడుగుతవనుకున్న బాపు” అంది కళావతి.

ఆయన తలెత్తలేదు. లీలమ్మ మీద కన్నా తండ్రి మీద ఆమెకు ఎక్కువ కోపం వచ్చింది. ఆ వారమంతా ఆయనతో మాట్లాడలేదు.

సైదాబాద్‌లో తెర వెనక దుమ్ము వాసన. విమల మొదలుపెట్టి కాసేపటికే ఆగిపోయింది. కళావతి అందించింది. మళ్లీ ఆగింది, మళ్లీ అందించింది. సగానికి వచ్చేసరికి కళావతి గుసగుసగా చెప్పడం, విమల పైకి పలకడం అయింది. కళావతి అనుకున్న చోటే జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఒక్కొక్కటీ చెంప మీద కొట్టినట్టు అనిపించాయి.

మొదటి బహుమతిగా విమల పేరుతో కప్పు వచ్చింది. వైకుంఠం అందరికీ జిలేబీ పంచాడు. నువ్వు గూడ తోడొచ్చినవా బిడ్డా అని ఆమె చేతిలోనూ పెట్టాడు. ఆయనకేమీ తెలియదని ఆమెకు అర్థమైంది. దాంతో ఆయన్ను తిట్టుకునే వీలు కూడా లేకుండా పోయింది. వచ్చే ఏడు నిన్నే పంపుతానంది లీలమ్మ. వచ్చే ఏడు తాను ఈ బడిలోనే ఉండనని కళావతి చెప్పేలోపు ఆమె అటు తిరిగింది.

సోమవారం ప్రార్థన అయ్యాక, విమల ఆ ప్రసంగం అందరికీ మళ్లీ వినిపిస్తుందని హెడ్‌మిస్ట్రెస్ ప్రకటించింది. బయలు మైదానం, మెట్ల మీద మైకు. దాక్కోవడానికి తెర లేదు. విమల రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయింది. లీలమ్మ వరసలో ఉన్న కళావతి వైపు చూసి, అందించమని పెదవులు కదిపింది. కళావతి చేతులు కట్టుకుని నిలబడింది. విమల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పుడు కళావతి వరస దాటి మెట్లెక్కింది. విమల వెంటనే పక్కకు జరిగింది.

ఆగిన చోటి నుంచి కాదు, మొదటి నుంచి చెప్పింది. పుస్తకాల మాటలన్నీ వదిలేసి, నల్లా దగ్గర చెప్పినట్టే చెప్పింది. కోపానికి గొంతు బొంగురుపోయింది. ఆగాల్సిన చోట ఆగలేదు. ఎవరూ నవ్వలేదు. లీలమ్మ వచ్చి జబ్బ పట్టుకుంది.

“దిగు. ఏందే నీ పొగరు, గింతమంది ముందర?”

మైకులో ఆ మాట మైదానమంతా వినబడింది. వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

“గివి నేను రాసిన మాటలు టీచర్. అయిపోయేదాంక దిగ.”

లీలమ్మ చెయ్యి వదిలేసింది. కళావతి చివరి దాకా చెప్పి దిగింది. చప్పట్లు లేవు. గంట కొట్టారు.

ఆమెను తరగతి బయట నిలబెట్టి, తండ్రికి కబురు పంపారు. ఇశ్రాయేలు వర్క్‌షాపు ఖాకీ బట్టలతోనే వచ్చాడు. క్షమించమని దండం పెడతాడనుకుని కళావతి మొహం తిప్పుకుంది.

“నా బిడ్డ రాసింది ఇంకొకలు చెప్పుడేంది మేడం?” అన్నాడాయన. జవాబు వచ్చేదాకా అక్కడి నుంచి కదలలేదు. హెడ్‌మిస్ట్రెస్ లీలమ్మ వైపు చూసింది. లీలమ్మ కిటికీ వైపు తిరిగింది. చివరికి, పిల్లను లోపల కూర్చోబెడతాం, పొమ్మన్నారు. కప్పు మీద విమల పేరు అట్లాగే ఉండిపోయింది.

సాయంత్రం ఆయన గేటు దగ్గర ఎదురుచూస్తూ కనిపించాడు. ఇద్దరూ గల్లీ దాకా నడిచారు. నల్లా దగ్గర అందరూ విన్నారట, తానొక్కడే మొత్తం వినలేదు, ఒకసారి చెప్పమని అడిగాడు.

“ఇయ్యాల కాదు” అంది కళావతి.

ఆయన సరేనని తలూపి, ఆమె చేతిలోని పుస్తకాల సంచి తీసుకున్నాడు. ఆమె ఇచ్చింది గానీ, ఆయన పక్కన కాకుండా ముందుగా నడిచింది.