సొట్ట పడని బండి

మా నాన్న ఆగయ్య ఏ కారు దగ్గరికి వెళ్లినా ముందు బొటనవేలితో తలుపు రేకు నొక్కి చూస్తాడు. ఆర్టీసీ వర్క్‌షాపులో ఉద్యోగం ఉన్నన్నాళ్లూ బస్సుల సొట్టలు తీసిన మనిషి. రేకు లోపలికి పోయిందా, ఇక ఆ బండి వైపు చూడడు.

నా మొగుడు డానియేలు సొంత క్యాబ్ కొంటానన్నప్పుడు కిషన్‌బాగ్‌లో మా ఇంటి ముందు పెద్ద పంచాయితీ అయింది. ఆయన దోస్తు మహేందర్ నడిపేది జపాన్ కంపెనీ కారు. అదే కొనమని పట్టుబట్టాడు.

"లీటరుకు ఎంతిస్తదో చూడు భాయ్. మన స్టాండ్ల అందరూ గదే నడుపుతున్నరు. ఏమన్న ఖరాబైతే ఏ గల్లీలనైనా సామాన్ దొరుకుతది. దేశీ బండి కొన్నవనుకో, షెడ్డు చుట్టూ తిరుగుడే నీ డ్యూటీ."

"దాని రేకు చూసినవా?" అన్నాడు నాన్న. "బిస్కెట్ డబ్బా నయం. మన దేశం కంపెనీది ఇనుమయ్యా, ఇనుము!"

"కాకా, గిరాకికి ఏసీ గావాలె, ఇనుము గాదు."

నాకు ఒళ్లు మండింది. మా సందు చివర రాజమణి భర్త పోయి అప్పటికి ఏడాది కాలేదు. లారీ గుద్దితే ఆయన చిన్న విదేశీ కారు నలిగిపోయింది. రేకు కోసి మనిషిని బయటికి తీశారు. ఆ రోజు నుంచి డానియేలు ఎయిర్‌పోర్టు ట్రిప్పుకు వెళ్తే, తిరిగొచ్చి గేటు తీసిన చప్పుడు వినేదాకా నాకు ముద్ద దిగేది కాదు.

"మైలేజీ నేను తింటనా?" అని అరిచాను. "నాకు మనిషి గావాలె. దేశీదే కొను. లేకుంటే బండే వద్దు."

డానియేలు నవ్వాడు. "సరే తల్లీ. మీ బాపు బొటనవేలు దేన్ని పాస్ జేస్తే గదే కొంట."

ఈయనతో గొడవ పెట్టుకోవడం కూడా దండగే. కోపమే రాదు.

షోరూములో నాన్న నాలుగు తలుపులూ నొక్కాడు, వేశాడు, తీశాడు. ధబ్బుమని పడ్డ తలుపు చప్పుడు విని, "గిది బండి!" అన్నాడు. పాస్టరు గారు వచ్చి బానెట్ మీద నూనె రాసి, స్టీరింగు మీద చేయి పెట్టి ప్రార్థన చేశారు. ఆమెన్ అనేసరికి నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే. అందరం ఎక్కాం. బండి కదలగానే టింగు టింగుమని మొదలుపెట్టింది. డానియేలు బెల్టు పెట్టుకునేదాకా ఆగలేదు.

"గిదేంది, మా షారోన్ లెక్క మొత్తుకుంటది?" అన్నాడు నన్ను చూపించి. అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ తర్వాత ఆయన ఎంత దూరం ట్రిప్పు వేసినా నేను కడుపునిండా తిన్నాను. కంటినిండా నిద్రపోయాను. ఇనుములో కూర్చున్నవాడికి ఏమవుతుంది?

దసరాకు ముందు ఒక మధ్యాహ్నం మహేందర్ ఫోన్ చేశాడు. ఔటర్ రింగు రోడ్డు మీద డానియేలు ముందు వెళ్తున్న ట్రాలీ ఉన్నట్టుండి ఆగిందట. ఈయన బండి వెళ్లి దాని వెనక తగిలిందట.

"బండికేం గాలే వదినా, లోపల అంతా మంచిగనే ఉన్నది," అన్నాడు.

దేవుడా, నీకు స్తోత్రం అన్నాను. పైకే అన్నాను.

"జెర ఆస్పత్రికి రా వదినా," అన్నాడు.

డానియేలును సమాధి చేశాక బండిని చూడటానికి నాన్నా నేనూ పోలీసు స్టేషనుకు వెళ్లాం. బానెట్ ముందు భాగం నుగ్గయింది. మనిషి కూర్చునే చోటు మాత్రం కొన్న రోజు ఎలా ఉందో అలాగే ఉంది. నాన్న తలుపు తీసి వేశాడు. అదే ధబ్బుమనే చప్పుడు.

"బెల్టు పెట్టుకోలేదమ్మా. ఛాతీ పోయి స్టీరింగుకు తగిలింది," అన్నాడు ఎస్సై.

"అబద్ధం," అన్నాను. "బెల్టు పెట్టకుంటే గా బండి ఊకోదు సార్. నేను నా చెవులతోటి విన్న."

ఎస్సై బండి తలుపు తీశాడు. లోపలికి వంగి, బెల్టు కొన దూర్చే చోటి నుంచి ఒక చిన్న ఇనుప క్లిప్పు ఊడదీసి నా చేతిలో పెట్టాడు. ఇది దూర్చి ఉంచితే బెల్టు పెట్టుకున్నారనుకుని బండి మొత్తుకోదట. సామాన్లు ఎత్తడానికి మాటిమాటికీ దిగి ఎక్కే క్యాబ్ వాళ్లలో చాలామంది పెట్టుకుంటారట. నాన్న తలుపు మీది నుంచి చేయి తీసేశాడు.

చచ్చిపోయినవాడి మీద అంత కోపం వస్తుందని నాకు తెలియదు. ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేదాన్ని. తర్వాత కాళ్లు పట్టుకునేదాన్ని.

స్టాండు వాళ్లు కూడా గుంపులుగా వెళ్లి ఆ బండిని చూసొచ్చారు. "ఏం బండిరా భాయ్, ఒక్క తలుపు గూడ వంగలే!" అని మలక్‌పేట దాకా చెప్పుకున్నారు. క్లిప్పు సంగతి ఎవరూ ఎత్తలేదు. క్రిస్మస్‌కు మహేందర్ తన జపాన్ కారు అమ్మేసి అచ్చం అదే బండి కొన్నాడు. మిఠాయి డబ్బా పట్టుకుని మా ఇంటికే ముందు వచ్చాడు.

"నువ్వు, కాకా చెప్పిందే నిజం వదినా. వాని నసీబు బాగలేదు గానీ, బండి మాత్రం పహిల్వాన్. అందుకే నేను గూడ గిదే తీసుకున్న. కూసో, పురానాపూల్ దాకా ఒక చక్కర్ కొట్టొద్దాం."

నాన్న గడప దాటి రాలేదు. తలుపు నొక్కి చూడలేదు. నేను మాత్రం వెళ్లి ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాను.

బండి కదిలింది. మహేందర్ భుజం మీద బెల్టు లేదు. ఇప్పుడు మొత్తుకుంటుంది, ఇప్పుడు మొత్తుకుంటుంది అని చూశాను. సందు దాటాం, మెయిన్ రోడ్డెక్కాం. చప్పుడు లేదు. ఆయన సీటు పక్కకి చూశాను. అదే క్లిప్పు.

లాగేశాను. కిటికీలోంచి రోడ్డు మీదికి విసిరేశాను. బండి టింగు టింగుమని అరవసాగింది.

"అరె, ఏంది వదినా గిట్ల జేసినవ్? పెద్ద లొల్లి ఇగ!"

"బెల్టు పెట్టుకో మహేందర్. నీ కాళ్లు మొక్కుత."

మహేందర్ ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, ఇంకో చేత్తో డ్యాష్‌బోర్డు అర తెరిచి వెతికాడు. ఇంకో క్లిప్పు తీసి దూర్చాడు. బండి నోరు మూసుకుంది.

"ఫికర్ జెయ్యకు వదినా," అన్నాడు నా వైపు తిరిగి. "గిది మస్తు గట్టి బండి."