మా గోడకు జపాన్ పిల్లి

మా ఆయన సోమేశ్వర్ పాముకు భయపడడు, పోలీసుకు భయపడడు. పిల్లి ఎదురొస్తే మాత్రం ఇంట్లోకి తిరిగొచ్చి, కాసేపు కూర్చుని, గ్లాసెడు నీళ్ళు తాగితే గానీ మళ్ళీ గడప దాటడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ నీళ్ళు అందించీ అందించీ నా చేతులు అరిగిపోయాయి. అలాంటి మనిషి కిరాణా షాపు గోడ మీద మా అమ్మాయి నిషిత నిలువెత్తు పిల్లిని గీసింది.

తప్పు ఆయనదే. డిగ్రీ అయిపోయింది, హైదరాబాద్‌లో బొమ్మల కోర్సు చదువుతానని పిల్ల ప్రాణం తీస్తోంది. "ముందుగాల మన షాపు గోడ మీద ఏదన్న గియ్యి. నలుగురు మెచ్చుకుంటే పంపిస్త. లేకుంటే మాట్లాడకుంట గల్లా మీద కూసో" అన్నాడు. లక్ష్మీదేవిని గీస్తుందిలే అనుకుని వెలిమెలలో చుట్టాల పెళ్ళికి పోయాడు. ఏం గియ్యాలో చెప్పి పోవచ్చు కదా! చెప్పడు. తర్వాత అరుస్తాడు.

తిరిగొచ్చాక అరిచాడు కూడా. పోతిరెడ్డిపల్లిలో మా షాపు ముందే పటాన్‌చెరు కంపెనీల బస్సులు ఆగుతాయి. పొద్దున షిఫ్టుకు పోయేవాళ్ళంతా టిఫిన్ డబ్బాలు పట్టుకుని అక్కడే నిలబడి ఉంటారు. వాళ్ళందరి ముందే మొదలుపెట్టాడు.

"ఏందిది? పసుపుపచ్చ పిల్లి, దానికి ఎర్ర రుమాలొకటి!"

"గది మిమోకా నాన్నా. జపాన్ వీడియో గేముల పిల్లి. ఆ కంపెనోళ్ళు ఏ గేమ్ చేసినా అండ్ల ఉంటది. మనం ఓడిపోయినమనుకో, వచ్చి పక్కన కూసుంటది. జెరసేపటికి తోక లేపి, ఇగ లే, మల్ల ఆడుదాం అంటది."

"జపాన్‌దైతేంది, జహీరాబాద్‌దైతేంది! బొమ్మదైనా పిల్లి పిల్లే! పొద్దుపొద్దున ఎదురొస్తే ఎవని పనన్న అయితదా? రేపే సున్నం కొట్టిస్త!"

నిషిత ముఖం మాడిపోయింది. కోర్సు ఆశ ఆ సున్నం బకెట్లోనే కలిసిపోయిందని నాకు అర్థమైంది. ఆయన నోట్లో నోరు పెడదామని కొంగు దోపుకుని బయటికొచ్చాను. అంతలో మల్లయ్య మెట్లెక్కాడు. హత్నూర దగ్గర నాలుగెకరాల రైతు, ఇప్పుడు మందుల కంపెనీలో పనిచేస్తున్నాడు.

"సేటూ, బొమ్మదైనా పిల్లి పిల్లే అని నువ్వే అంటివి. మరి నాకు ఎదురొచ్చె. మిషిన్ల కాడ పని, ఊకె పోవద్దు. జెర కూసుంట, నీళ్ళియ్యి."

మా ఆయన ఇరుక్కుపోయాడు. కాదంటే తన మాట తనే కాదన్నట్టు. స్టూలు జరిపాడు, నీళ్ళిచ్చాడు. "నాకు గూడ ఎదురొచ్చింది సేటూ" అంటూ ఇంకొకాయన వచ్చాడు. బీహార్ పిల్లలు "హమారే యహా భీ మాన్‌తే హై" అంటూ, తమ వైపూ ఈ నమ్మకం ఉందని నవ్వుకుంటూ వచ్చి బియ్యం బస్తాల మీద కూర్చున్నారు. నీళ్ళు తాగి ఊరికే లేవడం బాగోదని ఒకరు పుట్నాలు కట్టించుకున్నారు, ఒకరు బెల్లం అడిగారు. నాకు లోపల్లోపల ఒకటే నవ్వు. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడడమంటే ఇదే.

మర్నాడు సున్నం కొట్టే కామరాజు వచ్చేసరికే షాపు ముందు జనం కూర్చుని ఉన్నారు. బకెట్ చూసి మల్లయ్య లేచాడు.

"ఎందుకు సేటూ కొట్టిస్తున్నవ్? ఎన్నేండ్ల సంది గీ అడ్డ మీద నిలబడుతున్నం! ఎండల నిలబడ్డం, వానల నిలబడ్డం. కూసో అన్నోడు ఒక్కడు లేడు. గీ పిల్లి కూసోబెట్టింది."

ఆ మాటకు నాకు సిగ్గేసింది. అన్నేళ్ళూ రోజూ చూస్తున్నవాళ్ళమే కదా, ఒక్కరోజు ఒక బల్ల వేద్దామని మాకూ తోచలేదు. మా ఆయన తల వంచుకున్నాడు. కామరాజును వెనక్కి పంపేసి, గోడ ముందుకెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నిషిత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పేరేది?" అన్నాడు, వెనక్కి తిరగకుండానే.

"మిమోకా నాన్నా. నిన్ననే చెప్పిన గద."

"పిల్లిది కాదు, నీది. బోర్డులు గీసేటోళ్ళంత కింద పేరు రాసుకుంటరు. నువ్వేమో పట్నం పోయి గీ పనే నేర్సుకుంటనంటున్నవ్. పేరు రాయకుంటే ఎట్ల?"

పిల్ల రంగు డబ్బా, బ్రష్ కోసం లోపలికి పరుగెత్తింది. నాకు ఏడుపొచ్చింది. అందరి ముందూ సిగ్గులేకుండా ఏడ్చేశాను. నిషిత గోడ దగ్గర కూర్చుని ఓ మూలగా చిన్న అక్షరాలతో మొదలుపెట్టింది.

"గట్ల కాదు బిడ్డా, జెర పెద్దగ రాయి" అన్నాడు మా ఆయన. "బస్సుల కూసున్నోళ్ళకు కనవడాలె."