ఆకాశానికి ఎల్‌సీ

మా ఆయన వీరభద్రం కరెంటు డిపార్టుమెంటులో ముప్పై నాలుగేళ్లు లైన్‌మన్‌గా చేశాడు. చివరి ఏడాది మోకాళ్లు అరిగిపోయాయని డాక్టరు చెప్పడంతో స్తంభం ఎక్కడం బంద్ అయింది. రిటైరయ్యాక వర్ధన్నపేటలో మా గుమ్మం ముందు కుర్చీ వేసుకుని, వీధిలో ఎవరు స్తంభం ఎక్కినా మెడ పట్టేసేదాకా చూడటం, బెల్టు సరిగ్గా పెట్టుకోలేదని గొణగడం. ఆ గొణుగుడుతో నా ప్రాణం విసిగిపోయింది. నిజం చెప్పాలంటే, ఆయన అలా కింద కూర్చుని ఉంటే చూడటం నావల్ల కాలేదు.

మా అమ్మాయి దీప్తి హనుమకొండ నుంచి ఒక చిన్న డ్రోన్ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. పావుకిలో కూడా తూగదు. ఇంత చిన్నదానికి లైసెన్సు అక్కర్లేదని చెప్పింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మొదట అడిగిన మాట ఒకటే.

"దీనికి ఎల్‌సీ ఎవరిస్తరు?"

ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. సబ్‌స్టేషన్‌లో కరెంటు ఆపేసి, ఇక ఎక్కొచ్చని చెప్పే అనుమతి. అది తీసుకుని, టైముతో సహా డైరీలో రాసుకోకుండా ఆయన ఏనాడూ స్తంభం ముట్టలేదు. దీప్తి పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నేలకైతే పట్టా ఉంటుంది, మరి ఆకాశం ఎవరి పేరు మీద ఉన్నట్టు?

దీప్తి ఫోన్‌లో గవర్నమెంటు వాళ్ల మ్యాపు చూపించింది. ఆకుపచ్చ ఉన్నచోట నాలుగువందల అడుగుల దాకా ఎవర్నీ అడగక్కర్లేదు. పసుపైతే విమానాలకు కిందినుంచి దారి చెప్పే వాళ్లను అడగాలి. ఎరుపైతే కేంద్ర ప్రభుత్వమే సరే అనాలి. మా పత్తిచేను మీద ఆకుపచ్చే ఉంది. నాలుగువందల అడుగులంటే పదిహేను స్తంభాల ఎత్తని ఈయన లెక్క తేల్చాడు. ఆ మ్యాపు నా ఫోన్‌లోనూ పెట్టించుకున్నాను. అందరూ సీరియళ్లు చూస్తుంటే నేను ఏ ఊరి ఆకాశం ఏ రంగో చూస్తూ కూర్చునేదాన్ని.

ఫిబ్రవరిలో రిటైరైన కరెంటోళ్లందరూ బస్సు మాట్లాడుకుని బాపట్ల దగ్గర సూర్యలంకకు ప్రయాణమయ్యారు. మేమిద్దరం అప్పటిదాకా సముద్రం చూసినవాళ్లం కాదు. సముద్రాన్ని ఒక్కసారి పైనుంచి చూడాలని ఈయన పదిరోజులు సరిగా నిద్రపోలేదు. ఎవరి చుట్టమో ఒకాయన అక్కడ కానిస్టేబులని తెలిసి ఫోన్ చేశాడు. ఎగరేసుకోండి, ఎవరేమంటారు అన్నాడట ఆ పుణ్యాత్ముడు. ఆ కానిస్టేబులు పేరు, మాట్లాడిన టైము ఈయన డైరీలో రాసుకున్నాడు. ఎల్‌సీ వచ్చేసిందన్నమాట.

ఇసుకలో తువ్వాలు పరిచి దానిమీద డ్రోన్ పెట్టాడు. చుట్టూ నలభైమంది చేరారు. నాకు చేతులు ఊరుకోవు కదా, మ్యాపు తెరిచాను. మేం నిలబడ్డ చోటంతా ఎరుపు. పక్కనే వాయుసేన స్థావరం ఉందట. ఫోన్ తప్పు చూపిస్తోందేమోనని మూసి మళ్లీ తెరిచాను. ఎరుపే.

అప్పటికే రెక్కలు తిరుగుతున్నాయి. ఆయన ముఖంలో ఆ వెలుగు చూసి ఎన్నాళ్లయిందో. ఎరుపన్న సంగతి నాకు తప్ప ఎవరికీ తెలీదు. నోరు మూసుకుంటే చాలు, రెండు నిమిషాల్లో ఆయన కోరిక తీరిపోతుంది. ఈ దిక్కుమాలిన మ్యాపు ఎందుకు తెరిచానా అని నామీద నాకే ఒళ్లు మండింది.

"ఆపయ్యా," అన్నాను. "ఈడ ఎరుపున్నది."

రెక్కలు ఆగాయి. కానిస్టేబులు సరేనన్నాడు కదా అని అందరూ నామీదికి లేచారు. ఈయనతో ఇరవైఏళ్లు పనిచేసిన సాల్మన్ అయితే, రెండు నిమిషాలే కదన్నా, ఎవరు చూస్తారని బతిమాలాడు. ఈయన నా ఫోన్ తీసుకుని చాలాసేపు చూశాడు.

"సాల్మన్, ఎల్‌సీ ఇచ్చేటోని చేతిల స్విచ్ ఉండాలె. ఆ పోలీసాయన చేతిల ఏం స్విచ్ ఉన్నది?"

అందరూ కరెంటోళ్లే. స్విచ్ మాట విని ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు.

డ్రోన్‌ను తువ్వాలులో చుట్టేసి, సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది. సాల్మన్ నా ఫోన్ లాక్కుని తీరం వెంబడి వేలితో జరుపుతూ పోయాడు, ఎరుపు ఎక్కడ ఆగుతుందోనని. ఇంకో నలుగురు తలలు దూర్చారు. ఎరుపు పోయి, పసుపు పోయి, చివరికి ఆకుపచ్చ తగిలింది. భోజనాలు ఆలస్యమవుతాయని డ్రైవర్ సణిగినా ఎవరూ వినలేదు, బస్సు కదిలింది.

గంట తర్వాత ఒక చేపలోళ్ల ఊరి దగ్గర దిగాం. మ్యాపు మూడు ఫోన్లలో చూసి, టైము రాసుకుని, అప్పుడు లేపాడు. డ్రోన్ నీళ్ల మీదుగా పైకి పోయింది. చేతిలోని తెర నాకు కనబడేలా కొంచెం ఇటు వంచాడు. నిండా నీళ్లే, ఎంత దూరం చూసినా నీళ్లే. ఎట్లుందని అడిగాను. కెమెరాను మెల్లగా ఒడ్డు వైపు తిప్పాడు.

తెరమీద ఇసుకలో చిన్నచిన్నగా మేమందరం. కళ్లకు చేతులు అడ్డం పెట్టుకుని, తలలెత్తి పైకి చూస్తున్నాం.

"గిట్లనే కనబడేటోళ్లు మీరంతా, స్తంభం మీదినుంచి," అన్నాడు.

సముద్రం వైపు మళ్లీ తిప్పలేదు. బ్యాటరీ అయిపోయేదాకా మమ్మల్నే చూశాడు.