టీచరమ్మకు మిగిలిన ఇంగ్లీషు

పక్షవాతం శాంతకుమారి కుడిచేతితో పాటు తెలుగును కూడా పట్టుకుపోయింది. ఆదోని ఆడపిల్లల బడిలో ఉద్యోగమంతా ఇంగ్లీషు చెప్పిన మనిషి. ఇప్పుడు నోరు తెరిస్తే "గో, వెంట్, గాన్" అంటూ క్రియలు గడగడా వచ్చేస్తాయి. మంచినీళ్లు అడగడానికి మాత్రం మాట రాదు. బుర్ర బాగానే ఉంది, మాటలే దారి తప్పాయన్నాడు డాక్టరు. ఆయనకేం, అనేసి పోయాడు. కాపురం చేయాల్సింది గోపాలయ్య కదా!

గోపాలయ్య పత్తి వ్యాపారి. చిటికెడు దూది వేళ్ల మధ్య లాగి చూసి రకం చెప్పేస్తాడు గానీ, ఇంగ్లీషు ఆయనకు కొరుకుడు పడదు. పెళ్లైన కొత్తలో ఆమె నేర్పబోతే, "మండీలో ఎవురితో మాట్లాడాల నేను?" అని నవ్వేశాడు.

ఆ ఉదయం ఆమె ఆయన్నే చూస్తూ, "చేంజ్" అంది.

తెలిసిన మాట! గోపాలయ్యకు ప్రాణం లేచొచ్చింది. "సీర మార్చాల్నా శాంతా?" అని పనిమనిషి సుంకమ్మను పిలిచి మార్పించాడు. శాంతకుమారి కాదన్నట్టు తల ఊపింది. దుప్పటి మార్పించాడు. టీవీలో చానెల్ మార్చాడు. మంచం కిటికీ వైపు తిప్పించాడు. అదీ కాదట.

"ఆల్టర్" అంది గట్టిగా. తర్వాత "కన్వర్ట్". ఆ పైన "ట్రాన్స్‌ఫామ్". మాట మాటకూ ఆమె కళ్లలో కోపం పెరుగుతుంటే ఆయనకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

సాయంత్రం పక్కవీధి మనస్వినిని పిలిపించాడు. ఒకప్పుడు శాంతకుమారి దగ్గర చదువుకున్న పిల్ల, ఇప్పుడు తానూ టీచరే.

అంతా విని, "అన్నీ మార్పు మాటలే అంకుల్" అంది మనస్విని. "క్లాసులోనూ టీచర్ ఇట్లనే చేస్తాండ్రి. అర్థం తెలుగులో చెప్పేది లేదు. ఒక మాట తెల్లేదంటే దాని అక్కచెల్లెండ్లను పిలిచేది. రవిక బిగుతైతే వదులు చేసేది ఆల్టర్. మీ పత్తి నూలయ్యేది కన్వర్ట్. గొంగళిపురుగు సీతాకోకచిలుక అయ్యేది ట్రాన్స్‌ఫామ్."

"అంటే, నాకు తెల్లేదని పొద్దున్నుంచి పాఠం చెప్తాందా?"

ఆయన వెళ్లి మంచం పక్కన, పాఠం రాని పిల్లాడిలా కూర్చున్నాడు. "మార్చాలంటాండావు, అది తెల్సింది శాంతా. ఏదైనా మారుస్తా. అదేందో సూపియ్యి, సాలు."

శాంతకుమారి ముఖం విప్పారింది. ఇన్నాళ్లకు తన మాట ఒకటి ఎదుటి మనిషికి చేరింది. ఎడమచేతితో, ఒళ్లో చచ్చుబడి ఉన్న కుడిచేతిని మణికట్టు దగ్గర పట్టుకుని, ఆయాసపడుతూ పైకెత్తి ఆయన ముందుకు చాచింది.

"చేంజ్" అంది, బతిమాలుతున్నట్టు.

గోపాలయ్య ఆ చేతిని రెండు చేతులా అందుకున్నాడు. ఏదైనా మారుస్తానని తానే అన్నాడు. ఆమె ఎదురుచూస్తోంది.