చూసేవాళ్ళ అరచేతులు

సాయంత్రం షిఫ్టు వదిలాక ఆ వీధిలో ఏ ఇంట్లో చూసినా ఒకటే పని. పైసా కట్టకుండా ఊరికే బేస్‌బాల్ చూపించే లింకు వెతకడం. ఆట మీద మోజుండి కాదు. ఏ జట్టు ఏదో, బ్యాటు పట్టుకున్నవాడు బంతిని కొట్టాక ఎందుకలా పడుతూ లేస్తూ పరిగెడతాడో ఆ వీధిలో సగం మందికి తెలీదు. తెలుసుకోవాలనీ లేదు. వీధి చివర బంతుల ఫ్యాక్టరీ ఉంది. ఎక్కడో పెద్ద పెద్ద జట్లు ఆడే బంతుల్ని అక్కడ ఆడవాళ్ళూ మగవాళ్ళూ చేత్తో కుడతారు. వాళ్ళు కుట్టిన బంతికి అక్కడ మైదానంలో బ్యాటు దెబ్బ తగిలితే, ఇక్కడ వాళ్ళ అరచేతికి తగులుతుంది. ఆ క్షణంలో కుట్టినవాళ్ళ రక్తం పంచుకున్నవాళ్ళెవరైనా ఆ బంతి మీద కళ్ళు పెట్టి చూస్తూ ఉంటే మాత్రం, దెబ్బ కుట్టినవాళ్ళని వదిలేసి చూసేవాళ్ళ అరచేతిలోకి వెళ్ళిపోతుంది. వాన పడితే ఆరేసిన బట్టలు తీసినట్టు, ఆట మొదలైతే ఆ వీధి జనం ఫోన్ల ముందు కూర్చుంటారు.

ఏ బంతి ఎవరు కుట్టిందో తెరమీద తెలీదు. అందుకని అన్నీ చూడాలి. రెప్ప వేయకూడదు.

ప్లీడరు వాళ్ళింట్లో ఆ బాధ్యత మామయ్యది. ప్లీడరంటే నల్లకోటు మనిషి కాదు, ఆ ఇంటి ఒక్కగానొక్క కూతురు. ఉగ్గుగిన్నె దగ్గర్నుంచే ఎదురు వాదించేదని మామయ్య పెట్టిన పేరు. ఇప్పుడు నర్సు కోర్సు చదువుతోంది. మామయ్య అంటే అమ్మకి తమ్ముడు, సందు మొదట్లో సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు. అమ్మ ఫ్యాక్టరీలో కుడుతుంది. మోకాళ్ళ మధ్య చెక్క పట్టులో బంతి బిగించి, రెండు చేతుల్లో రెండు సూదులతో, మైనం రాసిన ఎర్రదారం లాగుతుంది. లాగిన ప్రతిసారీ చేతులు రెండూ రెక్కల్లా బార్లా చాపుతుంది. ఎంత చాపినా ఎగిరిపోయిందేం లేదు.

"ఈ లింకు నిన్న బాగానే ఉందే!" అని మామయ్య ఫోన్‌ని తిట్టేవాడు. "చూడు, తెర నిండా జూదం ప్రకటనలు. ఇంటూ గుర్తు నొక్కితే మూసుకుపోవాలా, ఇంకో రెండు తెరుచుకుంటున్నాయి."

"గుర్తు మీద కాదు మామయ్యా, దాని పక్కన నొక్కు. దొంగ సైటుకి నిజం గుర్తు ఎక్కడుంటుంది?"

"నువ్వు అటు చూడకు. మీ అమ్మకి మాటిచ్చాను."

"నేనేం చూడట్లేదు. నొక్కడం నేర్పిస్తున్నా."

ఇంతలో తెర మధ్యలో చక్రం తిరగడం మొదలయ్యేది. బొమ్మ ఆగిపోయేది. లోపలి గదిలోంచి "అబ్బా" అని అమ్మ గొంతు. మామయ్య తలొంచుకునేవాడు.

అన్ని దార్లూ తొక్కారు. కొత్తగా చేరినవాళ్ళకి కొన్నాళ్ళు ఊరికే చూపించే చానెల్ ఉందంటే వీధి మొత్తానికి ఈ-మెయిళ్ళు పుట్టించారు. బతికున్నవాళ్ళవి అయిపోయాక పోయినవాళ్ళ పేర్లతో పుట్టించారు. చదువూ సంధ్యా లేకుండా పోయిన తాతమ్మకి కూడా ఒకటుంది. తర్వాత చానెల్‌వాళ్ళు కార్డు నంబరు అడిగారు. తాతమ్మ దగ్గర లేదు, మిగతావాళ్ళ దగ్గరా లేదు. ఆట నడిపించే సంస్థ సైట్లో అప్పుడప్పుడూ ఒక ఆట ఊరికే వస్తుంది. కానీ వాళ్ళు చూపించే ఆటలోనే అమ్మ కుట్టిన బంతులు పడతాయన్న పూచీ ఏముంది? ఇక మిగిలింది దొంగ లింకులు. ఆగి ఆగి నడిచే బొమ్మలు, ఇంట్లో టీవీకి ఎదురుగా ఫోన్ నిలబెట్టి లోకానికి చూపించే పుణ్యాత్ములు.

ఆగిన ప్రతి బొమ్మా అమ్మ చేతిలో మిగిలిపోయింది. చిటికెన వేలు లోపలికి వంగి అక్కడే ఉండిపోయింది. బొటనవేలూ చూపుడువేలూ ఒకదాన్నొకటి చేరడం మానేశాయి. సీజన్ అయిపోగానే ఫ్యాక్టరీ డాక్టరు చేతులు చూస్తాడు. బల్ల మీద సూది పెడతాడు. తీసి దారం ఎక్కించినవాళ్ళు లోపల, ఎక్కించలేనివాళ్ళు గేటు బయట. గేటు బయట అంటే ఇంటి బయట కూడా, ఎందుకంటే వాళ్ళుండే గదులు ఫ్యాక్టరీవే.

"పోతే పోయింది. ఇంకో పని చూసుకుంటా," అంది అమ్మ ఒకరోజు.

"ఏ పని?"

"ఏదో ఒకటి."

"ఏదో ఒకటి అనే పని ఎక్కడ దొరుకుతుందమ్మా? అడ్రస్ చెప్పు, నేనూ వస్తా."

"నీతో మాట్లాడే ఓపిక నాకు లేదే. పో, చదువుకో. నువ్వు మాత్రం ఆ ఫోన్ వైపు చూశావో, నా మీద ఒట్టే. నీది రేపు ఒకరి నరం వెతకాల్సిన చెయ్యి."

ఒకనాడు మామయ్య గంతులేస్తూ వచ్చాడు. అద్దంలాంటి బొమ్మ, ఒక్క ప్రకటన లేదు, చక్రం లేదు. "చూశావా ప్లీడరమ్మా, మామయ్యంటే ఏమనుకున్నావ్?" అని ఫోన్ గోడకి ఆనించి కూర్చున్నాడు. ఆ లింకు రోజూ వచ్చేది. మామయ్య చూసేవాడు, చూసి చూసి చెయ్యి విదిలించుకునేవాడు. అతను నీళ్ళు తాగడానికి లేచినప్పుడు ప్లీడరు చూసేది. ఒట్టు సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు బంతిని వదలకూడదు కదా. తన అరచేతిలోనూ ఛళ్ళుమనేది. అంతా సవ్యంగా ఉన్నట్టే. కానీ లోపలి గదిలో అమ్మ మూలుగు మాత్రం ఆగలేదు. తెరమీద బంతి ఇంకా విసిరేవాడి గుప్పిట్లోనే ఉంటే, ఇక్కడ అమ్మ అరిచేది.

"ఇదేంటే? ఇంకా విసరనే లేదు, అక్కకి దెబ్బెలా తగిలింది?"

సమాధానం పక్కింటి అత్త చెప్పింది. గిన్నె అడగడానికి వచ్చి, తెర వైపు చూసి, గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఒరేయ్ తమ్ముడూ, ఆ ఎర్రగడ్డంవాణ్ణి నేను చచ్చినా మర్చిపోను. మా ఆయన మణికట్టు విరగ్గొట్టింది వీడే. ఈ ఆట కిందటేడాదిదిరా!"

పాత ఆటల్ని లైవ్ అని చూపించే లింకు అది. జట్లు తెలిసినవాడికి ఒక్క నిమిషంలో తెలిసిపోయేది. ఆట తెలియని ఇల్లు కాబట్టి ఇన్నాళ్ళూ కిందటేడాది బంతుల్ని కాపలా కాసింది. మామయ్య ఆ రాత్రి అన్నం ముట్టలేదు. "నా చేతులారా అక్క చెయ్యి..." అంటాడు, మళ్ళీ మొదలుపెడతాడు, మాట పూర్తి చెయ్యడు.

ప్లీడరు మాత్రం వేరే లెక్కలో పడింది. ఈ ఏడాది దెబ్బలు అమ్మకే తగిలాయి సరే. మరి నా చేతిలో ఛళ్ళుమన్నవి ఏ దెబ్బలు?

తెల్లారాక అమ్మ గ్లాసు పట్టుకుంటే చూసింది. చిటికెన వేలు గ్లాసు చుట్టూ నిటారుగా, మిగతా వేళ్ళ పక్కన ఒద్దికగా ఉంది. కిందటేడాది వంగిన వేలు.

"చలి తగ్గింది కదా, అందుకే," అంది అమ్మ.

ప్లీడరు వాదించలేదు. ఆ ఇంట్లో అది వింతే, ఎవరూ గమనించలేదు గానీ.

ఆ రోజు నుంచి ఆమెకి లింకు వెతకాల్సిన అవసరం లేకపోయింది. కొత్త ఆటలకైతే కార్డు కావాలి, గడువుంటుంది, మీ దేశంలో కుదరదంటారు. పాతవి కుప్పలు తెప్పలు, అన్నీ ఊరికే. ఏ ఏడాది కావాలంటే ఆ ఏడాది, మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా, ఆట నడిపించే సంస్థే తన సైట్లో పెట్టి మర్చిపోయింది. తగిలిపోయిన దెబ్బలకి గిరాకీ ఏముంటుంది?

అమ్మ షిఫ్టులో ఉన్నంతసేపూ ప్లీడరు చూసింది. కిందటేడాదిది, అంతకుముందుది, తను బడికెళ్ళే రోజులది. మొదట అరచెయ్యి కందింది. తర్వాత కందడం మానేసింది, అదే భయం వేసింది. వేడి గిన్నె పట్టుకుంటే వేడని కళ్ళకే తెలిసేది. కోర్సువాళ్ళ ఆసుపత్రిలో ఒక ముసలాయన మణికట్టు పట్టుకుని నాడి కోసం ఎంతసేపు నిలబడిందో, "బతికే ఉన్నానమ్మా," అన్నాడాయన. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

మామయ్య ఒక మధ్యాహ్నం పట్టేసుకున్నాడు. తెరమీద పాత ఆట, వంగిన ఆమె వేళ్ళు చూడగానే అక్క వేళ్ళు ఎలా బాగుపడుతున్నాయో అర్థమై ఫోన్ లాక్కున్నాడు.

"నీకు బుద్ధుందా? కోర్సులో సూది వేసే పరీక్ష పెట్టుకుని ఈ పనా? ఇటివ్వు, నేను చూస్తా."

"నువ్వు చూస్తే? నీ వేళ్ళు పోతే షాపులో ఎవరు కూర్చుంటారు? సాయంత్రం లైవ్ ఎవరు చూస్తారు? నువ్వు ముందర కాపలా కాయి, నేను వెనక కాస్తా."

"నీ వయసెంతే? నీ చేత్తో నువ్వు చెయ్యాల్సినవి ఇంకా ఎన్నున్నాయి?"

"అమ్మ ఈ పనిలో చేరినప్పుడు అమ్మకీ ఇదే వయసు. అప్పుడెవరైనా ఈ ప్రశ్న అడిగారా?"

మామయ్య ఫోన్ బల్ల మీద పెట్టేసి, చెప్పులు వేసుకోకుండానే బయటికెళ్ళిపోయాడు.

చేతుల పరీక్షనాడు ఇంట్లోవాళ్ళని కూడా లోపలికి రానిస్తారు, ఓడినవాళ్ళని నడిపించుకుపోవడానికి. ప్లీడరు గోడ వారగా నిలబడింది. కుడిచెయ్యి చున్నీ కింద ఉంది. పక్కింటి అత్తవాళ్ళాయన సూది మూడుసార్లు జారవిడిచి, నాలుగోసారి దాని వైపు చూడకుండానే లేచి వచ్చేశాడు. అత్త ఆయన చొక్కా మీద లేని దుమ్ము దులిపింది.

అమ్మ వంతు వచ్చింది. సూది తీసింది. దారం కొసని నోట్లో పెట్టి కూడా తడపలేదు, ఎక్కించేసింది. డాక్టరు ఆ వేళ్ళని ఒక్కొక్కటే వంచి చూశాడు. ఇరవయ్యేళ్ళ పిల్ల వేళ్ళు.

"ఇంట్లో చూసేదెవరమ్మా?"

"మా తమ్ముడు, సార్."

"లైవ్ చూస్తే చెయ్యి ఉన్నచోట ఆగుతుందంతే. ఇలా వెనక్కి రాదు. ఎవరో పాతవి చూశారు, చాలా ఓపిగ్గా చూశారు." కాగితం మీద ముద్ర కొట్టి, తలెత్తకుండానే, "తర్వాతివాళ్ళు," అన్నాడు.

అమ్మ వెనక్కి తిరిగింది. వరసలో అంతమంది ఉన్నా నేరుగా కూతురి చున్నీ వైపే చూసింది.

గదిలోకొచ్చి తలుపు వేశాక అమ్మ అంది: "చెయ్యి చూపించు."

"ఏ చెయ్యి?"

"తెలివితేటలు నా దగ్గర చూపించకు."

ప్లీడరు చూపించింది. బొటనవేలూ చూపుడువేలూ ఒకదాన్నొకటి చేరని చెయ్యి. అమ్మకి ఆ చెయ్యి బాగా తెలుసు, నిన్నమొన్నటిదాకా తనదే. కాసేపు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఒట్టేశానే."

"నువ్వు లైవ్ గురించి ఒట్టేశావమ్మా. పాతవాటి గురించి అనలేదు."

అమ్మ చెంప మీద కొట్టింది. గట్టిగానే. కొట్టిన చేతికి ఆ చెంప వెచ్చదనం తెలిసింది, చాలా ఏళ్ళ తర్వాత. అరచేతిని అలాగే చూసుకుని భోరుమంది.

"రేపట్నుంచి వెళ్ళను. మానేస్తాను. ఆ బంతి మొహం చూడను."

"మానేస్తే మనం ఎక్కడుంటాం?"

"ఎక్కడో ఉంటాం."

"సరే, మానెయ్యి. నా చెయ్యి పోయింది కదా, నీ చెయ్యి కూడా ఊరికే కూర్చుంటుంది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని చూసుకుందాం, ఎవరి వేళ్ళు బాగున్నాయో."

తడబడకుండా అంది, ఎప్పట్లాగే. అని, అమ్మ ఎదురు చెప్తుందేమోనని చాలాసేపు చూసింది. జీవితంలో మొదటిసారి ఎదుటివాళ్ళ దగ్గర తన మాటని గెలిచే మాట ఉండాలని కోరుకుంది. అమ్మ దగ్గర లేదు.

పొద్దున్న ఇద్దరూ బయల్దేరారు. కోర్సువాళ్ళకి రాలేనని చెప్పడానికైనా ఒకసారి వెళ్ళాలి కదా. ప్లీడరు మెడ దగ్గర గుండీతో పెనుగులాడుతూ ఉంటే అమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. మాట్లాడకుండా ఆమె చెయ్యి పక్కకి తీసి గుండీ పెట్టింది. ఒక్కసారికే దూరింది. మెడ కింద ఆ వేళ్ళు ఎంత మెత్తగా ఉన్నాయో ప్లీడరుకి తెలిసింది. ఫ్యాక్టరీ సైరన్ మోగింది. అమ్మ ఇంకో రెండు గుండీలు కూడా సరిచేసి, గుమ్మం దిగి, వెనక్కి చూడకుండా గేటు వైపు నడిచింది.